‘ఇంకా వుంది’: చందమామ సీరియళ్లూ, గూడెం చదువరీ

ఈమధ్య మైలవరంలో అంబేద్కర్ జయంతి సభ అయిపోయాక, కుర్చీలు సర్దుతున్నప్పుడు డిగ్రీ చదివే కుర్రాడొకడు నన్ను పక్కకు పిలిచి అడిగాడు. “మాస్టారూ, క్లాసులో కులం గురించి అంత మాట్లాడతారు గదా. మరి ఆ రాజకుమారుల కథలు, మాంత్రికుల కథలు అంత భద్రంగా ఎట్లా దాచుకున్నారు?” అంతకు ముందు మా ఇంటికొచ్చినప్పుడు చందమామ కట్టలు చూశాడు వాడు. నవ్వి వూరుకుందామనుకున్నాను గానీ వాడు నవ్వలేదు. వాడి ప్రశ్నలో అవమానం లేదు, అనుమానం వుంది. నువ్వు నమ్మేదొకటి, ప్రేమించేదొకటా అని అడుగుతున్నాడు. ఆ ప్రశ్న నా వొక్కడిది కాదనిపించి దీన్ని మన పత్రికలో చర్చకు పెడుతున్నాను.

కారంచేడు (1985), చుండూరు (1991) తరవాత మనం తెలుగు సాహిత్యాన్ని మళ్లీ చదవడం మొదలుపెట్టాం. కావ్యాన్నీ, నవలనీ, విప్లవ కవిత్వాన్నీ, సినిమానీ నిలదీశాం. ‘చిక్కనవుతున్న పాట’ (1995) వచ్చేసరికి మన మాట మనమే రాసుకోగలమని తేలిపోయింది. కానీ పిల్లలుగా మనం ఏం చదివాం, ఆ చదువు మనలో ఏం మిగిల్చింది అన్న చోటికి పెద్దగా పోలేదు. చిన్నప్పటి ఇష్టాలను సిద్ధాంతం ముందు పెట్టడానికి మొహమాటపడ్డాం. ఇష్టం గురించి మాట్లాడటం తేలికపాటి పని అనుకున్నాం. అది తేలిక కాదు. మనిషిలో అన్నిటికంటే ముందు తయారయ్యేది ఇష్టమే. దాన్ని పరీక్షకు పెట్టకుండా తక్కినవన్నీ పరీక్షించి లాభం లేదు.

మాది మైలవరం మాదిగ గూడెం. అప్పటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు. చుట్టూ మామిడి తోటలు, అవతల కొండపల్లి కొండలు, అడవి. మా అమ్మ మామిడికాయ కోతకు, మిరపకాయ ఏరడానికి కూలికి పోయేది. మా అయ్య చెప్పులు కుట్టేవాడు. కొంతకాలం మోట బొక్కెనల తోలు పని కూడా చేశాడు. మోటార్లు వచ్చాక ఆ పని పోయింది. ఇంట్లో అచ్చు కాగితం అంటే బైబిలూ, రేషన్ కార్డూ, నా వాచకమూ. అంతే.

నాకు చందమామ మొదట పచారీ కొట్టు పొట్లంగా దొరికింది. బెల్లం తెచ్చిన కాగితం విప్పితే అందులో ఒక కోట, కోట గోడ మీద నిలబడ్డ మనిషి, కింద రెండు వరసల్లో కథ. అది ఏ సీరియలో, ఎన్నో భాగమో తెలీదు. పేజీ చివర మనిషి అగాధంలోకి జారిపోతున్నాడు. తరవాతి పేజీ ఎవరింటికి చింతపండు పొట్లంగా పోయిందో! ఆ తరవాత బస్టాండు దగ్గర ఒక సెలూన్లో తాజా సంచికలు వుంటాయని తెలిసింది. లోపల బల్ల మీద కూచుని చదవడానికి మాకు వీల్లేదు. గుమ్మం బయట నిలబడి, లోపలి పిల్లాడు పేజీ తిప్పినప్పుడల్లా మెడ సాచి చూసేవాళ్లం. వాడు నెమ్మదిగా చదివితే మాకు పండగ. తొందరగా తిప్పితే కడుపు మండేది. ఆరో తరగతిలో ఒక పంతులుగారి పుణ్యాన శాఖా గ్రంథాలయంలో బల్ల ముందు కూచుని చదివాను. ఒక సంచికను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవడం అదే మొదలు.

దీన్ని జాలి కోసం చెప్పడం లేదు. మన చదువు తీరును చెప్పడానికి చెబుతున్నాను. చందా కట్టిన ఇంటి పిల్లవాడికి సీరియల్ అంటే నెలనెలా వచ్చే క్రమం. నాకు సీరియల్ అంటే తల లేని, తోక లేని ముక్క. ప్రతి భాగం చివరా బ్రాకెట్లలో ‘ఇంకా వుంది’ అని వుండేది. చందాదారు పిల్లాడికి అది హామీ, వచ్చే నెల తప్పకుండా వస్తుంది. నాకది ఆశ మాత్రమే. ముందేం జరిగిందో, తరవాత ఏం జరుగుతుందో నేనే కల్పించుకోవాలి. గూడెంలో రాత్రిళ్లు పిల్లల్ని కూచోబెట్టుకుని ఆ ఖాళీలు నేనే పూరించి చెప్పేవాణ్ని. ఇవాళ క్లాసులో నాలుగు మాటలు తడుముకోకుండా చెబుతున్నానంటే ఆ పొట్లం కాగితాల చలవే.

ఇంతకీ నేను ప్రేమించినవి ఏవి? చందమామ 1947 జులైలో చక్రపాణి, బి.నాగిరెడ్డి మొదలుపెట్టిన పత్రిక. చాలా ఏళ్లు కొడవటిగంటి కుటుంబరావు దాన్ని నడిపించాడు. అందులో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 12 అద్భుత సీరియళ్లు నా ప్రాణం. 1954లో ‘తోకచుక్క’తో మొదలై ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’ మీదుగా 1978లో మొదలైన ‘భల్లూక మాంత్రికుడు’ దాకా పాతికేళ్లు ఆ ధార నడిచింది. వాటికి బొమ్మలు వేసింది ముఖ్యంగా ‘చిత్ర’ అనే టి.వి.రాఘవన్. చివరిది వస్తున్నప్పుడు నేను హైస్కూల్లో వున్నాను. ముందువన్నీ పొట్లాల్లో, పాత బైండు పుస్తకాల్లో చదివినవే.

ఏం చూసి ప్రేమించాను? ఒక్క మాటలో చెప్పాలంటే, నడక. ఈ కథల్లో మనిషి నడుస్తూనే వుంటాడు. అడవి దాటతాడు, కొండ ఎక్కుతాడు, కనబడ్డ కొలనులో నీళ్లు తాగుతాడు. ఎవడూ ఆపి “నువ్వెవరోళ్ల పిల్లాడివిరా?” అని అడగడు. ‘తోకచుక్క’లో సమరసేనుడు ఓడలెక్కి తెలియని ద్వీపానికి పోతాడు. అక్కడ చతుర్నేత్రుడనీ, ఏకాక్షి అనీ ఇద్దరు మాంత్రికులు ఒకరితో ఒకరు పోట్లాడుకుంటూ వుంటారు. వాళ్లు మంత్రాలతో చంపుతారేమో గానీ, నీళ్ల దగ్గర దూరంగా నిలబడమని మాత్రం అనరు. పెద్దయ్యాక అంబేద్కర్ తన చిన్నతనంలో ప్రయాణంలో నీళ్లు దొరక్క పడిన పాట్లు చదివినప్పుడు నాకు తట్టింది, నేను ఆ సీరియళ్లలో వెతుక్కున్నదేమిటో. రాక్షసుడున్నా సరే, మొసలి వున్నా సరే, దాహమేసిన చోట దోసిలి పట్టగలిగిన లోకం.

రెండోది, ఇంటిపేరు లేకపోవడం. మా వైపు ఎవరైనా పలకరించి పేరడిగితే, చెప్పిన పేరుతో వూరుకోరు. ఇంటిపేరు అడుగుతారు. దాంతో సంగతి తేలకపోతే ఏ పేటలో వుంటారని అడుగుతారు. సీరియల్లో కేశవుడంటే కేశవుడే, పింగళుడంటే పింగళుడే. పిల్లవాడిగా నాకది ఎంత వూరటో మాటల్లో చెప్పలేను. ఆ పేర్లలో నన్ను నేను పెట్టుకోడానికి ఏ అడ్డూ లేదు.

మూడోది చాలామంది గమనించనిది. ఈ కథల్లో అందరూ రాజకుమారులు కారు. 1957లో మొదలైన ‘ముగ్గురు మాంత్రికులు’లో పింగళుడు చేపలు పట్టి తల్లిని పోషించుకునే కుర్రాడు. వెయ్యిన్నొక్క రాత్రులలోని జూదర్ అనే జాలరి కథకు ఇది బంధువు. అరబ్బు దేశపు బెస్తవాడు తెలుగు బెస్తవాడిగా మారి మా గూడేనికి వచ్చాడన్నమాట. వల వేస్తే చేపలు పడవు, ఇంట్లో గింజలు లేవు. అక్కడ మొదలవుతుంది అద్భుతం. ఆకలి నుంచి మొదలైన అద్భుతం మాకు వెంటనే అర్థమైంది. వాచకంలో ఆకలి వుండేది కాదు. వున్నా, నీతి చెప్పడానికి వుండేది.

ఇక్కడితో ఆపితే ఇది అభిమాని వ్యాసం అవుతుంది. ఆ కుర్రాడి ప్రశ్నకు జవాబు కాదు.

ఇప్పుడు రెండో చదువు చదువుదాం. ఆ బొమ్మల్ని ఒక మాదిగ చెప్పులు కుట్టేవాడి కొడుకుగా చూడండి. మాంత్రికుడు పులిచర్మం మీద కూచున్నాడు. వీరుడి నడుముకి తోలు పట్టా, దానికి కత్తి ఒర. వీపున అంబులపొది. గుర్రానికి జీను, కళ్లెం. కోట బురుజు మీద నగారా. కాళ్లకు పాదరక్షలు. ఆ లోకమంతా తోలు మీద నడుస్తోంది! మరి ఆ పులిని వొలిచినవాడు ఎక్కడ? ఆ తోలును సున్నంలో నానబెట్టి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క వేసి లందలో ఊనినవాడు ఎక్కడ? ఆరె, రంపె పట్టుకుని జీను కుట్టినవాడి ఇల్లు ఆ కోటకు ఏ దిక్కున వుంది? 12 సీరియళ్లు వెతికినా నాకు వాడు కనబడలేదు. మాంత్రికుడికి ఆ పులిచర్మం మంత్రంతో వచ్చి వుంటుందని సరిపెట్టుకోవాలి.

దీన్ని రచయిత చేసిన కుట్ర అనను. కుట్ర అయితే తేలిక, ఒక మనిషిని తిట్టి వూరుకోవచ్చు. ఇది అంతకంటే లోతుది. పని చేసేవాణ్ని తీసేస్తే గానీ అద్భుతం అందంగా కనపడదని మన కథా సంప్రదాయం నేర్చుకుంది. మా అయ్య చేతులకు ఎప్పుడూ వుండే వాసన ఆ పేజీల్లో లేదు. నిజానికి ఆ వాసన లేదు కాబట్టే నేను ఆ పేజీల్లోకి పారిపోయాను. ఇది రాయడానికి నాకు సిగ్గుగా వుంది, కానీ రాయాలి. కులం లేని లోకం అనుకుని నేను ప్రేమించింది, మేం లేని లోకాన్ని. కులం పోవడమూ, మేం పోవడమూ ఒకటి కాదు. ఈ రెండిటినీ ఒకటిగా చూపించడమే ఆ కథల మాయ.

పేర్ల సంగతి కూడా మళ్లీ చూడాలి. ఇంటిపేరు లేదని సంబరపడ్డాను గానీ, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’ నాయకుడు ఖడ్గవర్మ. ‘భల్లూక మాంత్రికుడు’లో కాళీవర్మ. వర్మ, సేనుడు, కేసరి: పేరు తోకలోనే కత్తి పట్టే హక్కు రాసి వుంది. కులం చెప్పకుండా కులం చెప్పే విద్య ఇది. నేను ఖడ్గవర్మనని ఆటలో అన్నప్పుడు, వూళ్లో పిల్లలు నవ్వి నన్ను రాక్షసుడి వేషం వేయమన్నారు. వాళ్లకు ఆ విద్య అప్పటికే వచ్చు. నాకు రాదు, అంతే తేడా.

‘శిథిలాలయం’ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. అది 1968లో మొదలైంది. అందులో ఇద్దరు యువకుల్లో ఒకడు శిఖిముఖి, శబరుల పిల్లవాడు. అతని జతగాడు విక్రమకేసరి. ఒక శబర యువకుణ్ని కథకు నాయకుడిగా, చివరిదాకా నమ్మదగిన స్నేహితుడిగా నిలబెట్టడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. ‘అడవివాళ్లు’ అంటే ఈటెలు పట్టుకుని అరిచే గుంపుగానే కథల్లో వుండేవాళ్లు. ఆ మాటకొస్తే ఇదే సీరియళ్లలో మిగతాచోట్ల అట్లాంటి గుంపులు వున్నాయి కూడా.

కానీ 1968 అనే అంకెను పక్కన పెట్టి చదవలేం. 1967 అక్టోబరు 31న శ్రీకాకుళం జిల్లా లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనుల్ని భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. సవరలు, జాతాపులు తమ భూముల కోసం, అడవి కోసం లేచారు. 1970 జులైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతుల్లో చనిపోయేనాటికి పార్వతీపురం ఏజెన్సీ నెత్తురు ముద్దయింది. పాత గ్రంథాల్లోని శబరులే ఈ సవరలని చాలామంది పండితులు అంటారు. గిడుగు రామమూర్తి ఆ భాష నేర్చుకుని 1931లో దానికి వ్యాకరణం అచ్చువేయించాడు. అంటే, తెలుగిళ్లలో పిల్లలు శబర వీరుడి సాహసాలు నెలనెలా ఆత్రంగా చదువుతున్న రోజుల్లోనే, నిజం శబరుల్ని రాజ్యం వేటాడుతోంది. పత్రికలో శిఖిముఖి క్షేమంగా వున్నాడు. కొండ మీద లేడు.

పిల్లల పత్రికలో ఉద్యమ వార్తలు వేయలేదేమని నేను అడగడం లేదు. అది అన్యాయమైన ప్రశ్న. కథలోని ఆదివాసిని ప్రేమించిన మధ్యతరగతి చదువరికి, బతికున్న ఆదివాసి ఎందుకు పరాయివాడయ్యాడని అడుగుతున్నాను. మనం కూడా ఆ చదువరులమే. మా గూడెంలో నేను శిఖిముఖి కథ చెబితే పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. సవరలంటే ఎవరో నేను వాళ్లకు చెప్పలేదు. నాకే తెలీదు. ప్రేమ వున్నచోట ఎరుక లేకపోతే ఇట్లా అవుతుంది.

ఇక మాంత్రికుడు. ఈ కథల్లో చెడ్డ మాంత్రికుడు ఓడిపోతాడు, మంచి చదువరి సంతోషిస్తాడు. కానీ మన పల్లెల్లో ‘మాంత్రికుడు’ అన్న మాట ఎవరి మీద పడుతుందో మనకు తెలుసు. చేతబడి చేశారనీ, బాణామతి చేశారనీ నెపం వేసి కొట్టి చంపినవాళ్లలో ఎక్కువమంది దళితులు, ఆదివాసులు, వొంటరి ఆడవాళ్లు. సీరియల్లో మాంత్రికుడు గుహలో వుంటాడు, ఎక్కడివాడో తెలీదు. వూళ్లో మాత్రం అతని అడ్రసు గూడెమే. కథ చదివి ఎవరో ఎవరినో చంపారని నేననడం లేదు. భయానికి ఒక ముఖం కావాల్సినప్పుడు, అందుబాటులో వున్న ముఖం మాదే అవుతోందని అంటున్నాను.

ఇక్కడే మా అమ్మమ్మ గుర్తొస్తుంది. ఆవిడది మధిర పక్క వూరు. ‘భల్లూక మాంత్రికుడు’ వస్తున్న రోజుల్లో సెలవులకు పోయినప్పుడు ఎలుగుబంటి మాంత్రికుడి సంగతి ఆవిడకు చెప్పాను. ఆవిడ తమలపాకు నములుతూ విని, “ఎలుగుబంటి మాంత్రికుడేందిరా! ఎలుగుబంటి మన తాత. భూమి పుట్టకముందు ఆర్నెల్లకు పుట్టినోడు” అంది. డక్కలివాళ్లు వచ్చి పటం పరిచి, కిన్నెర మీటి చెప్పే జాంబపురాణం ఆవిడకు తెలుసు. ఆదివారం సండే స్కూల్లో దానియేలు సింహాల గుహ కథా ఆవిడే చెప్పేది. రెండిటికీ ఆవిడకు పేచీ లేదు.

నేను నమ్మలేదు. అచ్చులో వున్నది నిజం, అమ్మమ్మ చెప్పింది ముసలి మాట అనుకున్నాను. చాలా ఏళ్ల తరవాత, చిందు ఎల్లమ్మ వంటి కళాకారుల గురించి, జాంబపురాణం గురించి చదివినప్పుడు గుండె కలుక్కుమంది. బ్రాహ్మడితో వాదానికి దిగి, సృష్టి ఎట్లా మొదలైందో నేను చెబుతా విను అని నిలదీసే జాంబవంతుడు మా ఇంట్లోనే వున్నాడు. నీళ్లు తప్ప మరేం లేని లోకం, అందులోంచి పుట్టుకొచ్చే దేవతలు. ఏ సీరియల్‌కీ తీసిపోని అద్భుతం. దాన్ని నేను పొట్లం కాగితంలో వెతుక్కున్నాను. ఒకే ఎలుగుబంటి. ఒకచోట మాంత్రికుడు, ఇంకోచోట మూలపురుషుడు. ఏ ఎలుగుబంటి అచ్చయిందో, ఏది అచ్చు కాలేదో చూస్తే మన సాహిత్య చరిత్ర సగం తెలుస్తుంది.

ఇది మన వొక్క దేశపు గొడవ కాదు. ‘శిథిలాలయం’ మొదలైన 1968లోనే అమెరికాలో ఉర్సులా లెగ్విన్ ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ అనే నవల రాసింది. అందులో మాంత్రికుడు కాబోయే కుర్రాడు గెడ్. మేకలు కాసుకునే పిల్లాడు, రాగిరంగు వొళ్లు. ఆ లోకంలో ఎక్కువమంది గోధుమ, నలుపు వొంటివాళ్లే. రచయిత్రి కావాలని అట్లా రాసింది. అయినా 2004లో దాన్ని టీవీకి తీసినప్పుడు గెడ్ వేషం తెల్లవాడికి ఇచ్చారు. ఆవిడ వూరుకోలేదు, బహిరంగంగా తప్పుపట్టింది. ఊహాలోకంలో ఏ రంగైనా వుండొచ్చు గదా, మరి తెల్లరంగే ఎందుకు ‘మామూలు’ అయింది? మన దగ్గర అదే ప్రశ్నను ఇట్లా అడగాలి: లేని రాజ్యం, లేని ద్వీపం, లేని జంతువు అన్నీ కల్పించగలిగిన ఊహ, కులాల వరస మార్చి కల్పించడానికి ఎందుకు జంకింది?

జంకు ఇంకా పోలేదు. 2015లో వచ్చిన ‘బాహుబలి’ చూసిన మా విద్యార్థులు కాలకేయుల భాష వల్లించుకుంటూ తిరిగారు. నల్లటి వొళ్లు, అర్థంకాని మాట, క్రూరత్వం. పాత చందమామ బొమ్మల్లోని ‘ఆటవికుల గుంపు’ అక్కడ ఎంత పెద్ద తెరకెక్కిందో చూడండి. అదే సినిమా తమిళ రూపంలో ‘పగడై’ అన్న మాట వాడినందుకు మదురైలో అరుంధతీయులు నిరసనకు దిగారు. ఆ అరుంధతీయుల్లో చాలామంది ఇళ్లలో మాట్లాడేది తెలుగే. మన జాంబవంతుడి మనవలే అటూ వున్నారు. ఊహాలోకం కదా, దానికి పట్టింపు ఎందుకు అనేవాళ్లకు ఇదే జవాబు. ఊహలోని మాట వచ్చి నిజమైన వొంటి మీద పడుతుంది.

మరి ఇంత చెప్పాక నా కట్టల్ని ఏం చెయ్యాలి? తగలబెట్టాలా?

మనలో కొందరు మిత్రులు అట్లాగే అంటారు. బ్రాహ్మణీయ ఊహలో పెరిగిన ఇష్టాన్ని వదులుకోవడమే విముక్తి అంటారు. వాళ్ల కోపాన్ని గౌరవిస్తాను గానీ వాదాన్ని వొప్పుకోను. రెండు కారణాలు. మొదటిది, గుమ్మం బయట నిలబడి మెడ సాచి సంపాదించుకున్న చదువు అది. ఎవరూ దానం చేసింది కాదు. దాన్ని ఇప్పుడు ‘వాళ్లది’ అని వొప్పజెప్పి రావడం, ఆ సెలూన్ గుమ్మాన్ని మళ్లీ మనమే గీసుకోవడం. రెండోది, పిల్లవాడు కథను రాసినట్టే చదవడు. ఖాళీలు తనకు కావాల్సినట్టు పూరిస్తాడు. మా గూడెంలో నేను చెప్పిన రూపంలో పింగళుడి తల్లి మిరపకాయలు ఏరడానికి పోయేది. కోటకు తోలు సరఫరా చేసే ముసలాయన ఒకడు వుండేవాడు, దారి అడిగితే ఆయనే చెప్పేవాడు. ఆ ముసలాయన చందమామలో లేడు. నాకు తెలియకుండానే నేను మా అయ్యను కథలోకి తోసేశాను. ప్రేమించడం వేరు, లొంగడం వేరు. లొంగినవాడు ముసలాయన్ని కల్పించడు.

అట్లాగని ప్రేమ చాలు అనడం కూడా తప్పే. ప్రేమతో చదివినవాడు లెక్క అడగకపోతే, పదేళ్ల పిల్లవాడిగానే మిగిలిపోతాడు. ఒకసారి దాహంతో చదవాలి, ఒకసారి లెక్క అడుగుతూ చదవాలి. రెండూ ఒకే చదువరి చేయగలడు.

ఇక్కడ రచయిత గురించి కూడా ఒక మాట చెప్పాలి. 1932లో గుంటూరు జిల్లాలో పుట్టిన దాసరి సుబ్రహ్మణ్యం 1952లో చందమామలో చేరి, 2006 దాకా అక్కడే పనిచేశాడు. 2010 జనవరిలో విజయవాడలో చనిపోయాడు. అంత పేరున్న సీరియళ్ల మీద ఆయన పేరు వేయలేదు. లక్షలమంది పిల్లలు చదివారు, రాసింది ఎవరో తెలీదు. నాకు ఆయన పేరు తెలిసేసరికి నా తల సగం నెరిసింది. రాసేవాణ్ని కూలీగా చూసే పద్ధతి ఇది. జీను కుట్టినవాణ్ని దాచిన కథ, కథ కుట్టినవాణ్నీ దాచింది. ఆయన కష్టమూ మా అయ్య కష్టమూ ఒకటని అనను. పనిని వాడుకుని పనివాణ్ని మరుగుపరిచే అలవాటు మాత్రం ఒకటే.

దీనికి ఎదురు ఉదాహరణ మా పక్కనే వుంది. జగ్గయ్యపేట ధనబోడు మీది బౌద్ధ స్తూపం. అక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం చెన్నై మ్యూజియంలో వుంది. ఏడు రత్నాలు చుట్టూ పెట్టుకుని నిలబడ్డ ఆ చక్రవర్తి కథ జాతక కథల్లోది. రెండు వేల ఏళ్ల కిందటే ఈ మెట్ట నేల మీద అద్భుత కథను రాతిలో చెక్కారు. అదే స్తూపానికి, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ ఏట, అంటే క్రీస్తు శకం 3వ శతాబ్దంలో, ఆయక స్తంభాలు నిలబెట్టినవాడు తన పేరు శాసనంలో రాయించుకున్నాడు: సిద్ధార్థుడు, ఆవేసని, అంటే శిల్పి పని చేసేవాడు. రాజు పేరుతో పాటు పనివాడి పేరు. తండ్రి పేరు, వూరి పేరుతో సహా. పిల్లల్ని విహారయాత్రకు తీసుకుపోయినప్పుడల్లా ఆ సంగతి చెబుతాను. చక్రవర్తి కథ చూడండి, కింద సంతకం కూడా చూడండి అంటాను.

ఇప్పుడు చేయాల్సిన పని మన ముందుంది. హైదరాబాదులో అన్వేషి సంస్థ 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో, పుస్తకాల్లో చోటు లేని బాల్యాల మీద పిల్లల కథలు తెచ్చింది. గోగు శ్యామల రాసిన తాటకి కథ అందులోదే. గూడెం పిల్ల తన పేరుతో, తన పనితో, తన తెలివితో పుస్తకంలోకి నడిచొచ్చింది. అది నిజ జీవిత కథ. దాని పక్కన మన అద్భుత కథ కూడా రావాలి. మన పిల్లలకు బాధ మాత్రమే వారసత్వంగా ఇస్తే సరిపోదు. రెక్కల గుర్రమూ కావాలి, దాని జీను ఎవరు కుట్టారో కూడా వుండాలి. జాంబవంతుడు నీళ్ల మీద నడిచే మొదటి అధ్యాయం ఎవరైనా రాయాలి. డక్కలి పటంలోని బొమ్మల్ని చూసి ‘చిత్ర’ అంత బాగా ఎవరైనా గీయాలి. చందమామ అచ్చు 2010ల మొదట్లోనే ఆగిపోయింది. ఆ చోటు ఖాళీగా వుంది. ఖాళీలు పూరించడం మనకు పొట్లాల నాటి నుంచీ అలవాటే.

ఆ కుర్రాడికి ఇంకో సంగతి చెప్పలేదు. మా మైలవరం కొండల్లో పుట్టే బుడమేరు 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు, అక్కడ మా తమ్ముడి ఇంట్లో దాచిన రెండు కట్టలు నీళ్లలో నాని ముద్దయిపోయాయి. వాడు చూసింది మిగిలిన కట్టల్ని. ఎండలో ఆరబెడితే ఆ రెండింటిలో నాలుగు పేజీలు విడిగా వచ్చాయి. మళ్లీ తల లేదు, తోక లేదు. పోయిన వారం వాటిని ఆ కుర్రాడి చేతిలో పెట్టాను. “ముందేం జరిగిందో, తరవాత ఏం జరుగుతుందో నువ్వు రాసుకురా. తోలు పనివాడు మాత్రం వుండాలి” అన్నాను.

వారం తరవాత మూడు పేజీలు రాసుకొచ్చాడు. చివర బ్రాకెట్లలో రెండు మాటలు పెట్టాడు. నేను చెప్పకుండానే.